పూట లెక్క: సొంత హోటల్‌కు అమ్మకాల అంచనా వేసుకునే పద్ధతి

(తిరుపతిలో చిన్న హోటళ్ళు, మెస్సులు, టిఫిన్ సెంటర్లు నడిపేవాళ్ళ కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం మీల్స్ టైముకల్లా మీరు మీ కౌంటర్ల దగ్గర ఉండాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

"నెలకు ఎంత అమ్ముతారు?" అని బ్యాంకులో అడిగితే మనం చెప్పే జవాబు తెలిసిందే. "రోజుకు యాభై, అరవై వేలు పోతుంది సార్, ముప్పై రోజులు వేసుకోండి" అంటాం. ఆ యాభైకీ అరవైకీ మధ్య నెలకు 3 లక్షల తేడా ఉంది. చాలా హోటళ్ళలో అద్దె కట్టి, ఇద్దరు వంట మాస్టర్లకు జీతం ఇచ్చినా అంత కాదు. నోటికొచ్చిన అంకెలో అంత డబ్బు దాక్కుని ఉంటుంది.

అందుకే నెల అంకె ఒకటి అనుకుని దాన్ని రోజులకు పంచకండి. పూట దగ్గర మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ రండి. పొద్దున టిఫిన్ ఒక పూట, మధ్యాహ్నం మీల్స్ ఒక పూట, సాయంత్రం కాఫీ బజ్జీ ఒకటి, రాత్రి ఒకటి. ఒక్కో పూటకు వచ్చే మనిషి వేరు, కూర్చునే సేపు వేరు, పెట్టే డబ్బు వేరు. ఈ నాలుగింటినీ ఒకే అంకెలో కలిపేస్తే ఏది పెరిగిందో ఏది తగ్గిందో ఇక తెలియదు.

లెక్క కోసం ఒక హోటల్ అనుకుందాం. ఆర్టీసీ బస్టాండుకు నడిచిపోయే దూరంలో శాకాహార హోటల్. 15 టేబుళ్ళు, టేబుల్‌కు నాలుగు కుర్చీలు, మొత్తం 60 సీట్లు. ఇక్కడ నేను చెప్పే అమ్మకం అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవి. మీ అంకెలు మీ బిల్లుల్లోనే ఉంటాయి, వేరేవాళ్ళవి పనికిరావు.

60 సీట్లున్నాయి కదా, నిండితే 60 మంది అనుకోవడం దగ్గరే మొదటి తప్పు పడుతుంది. ఇద్దరు వచ్చి నలుగురి టేబుల్ పట్టుకుంటారు. ముగ్గురు కూర్చున్నచోట నాలుగో కుర్చీ మీద లగేజీ బ్యాగు ఉంటుంది, అక్కడ ఇంకొకరిని కూర్చోబెట్టలేం. హోటల్ కిటకిటలాడుతున్నప్పుడు ఓ మూల నిలబడి తలకాయలు లెక్కపెట్టండి. నాలుగైదు రోజులు చూస్తే మీ హోటల్ నిజంగా ఎంతమందితో నిండుతుందో తేలుతుంది. మన లెక్కకు నూటికి 70 వేసుకుందాం. అంటే 42 మంది.

తర్వాత బంతి. పెళ్ళిలో ఒక బంతి లేచాక ఇంకో బంతి కూర్చున్నట్టే హోటల్లోనూ. మనిషి కూర్చున్న దగ్గర నుంచి, తిని, బిల్లు కట్టి లేచి, టేబుల్ తుడిచి ఇంకొకరిని కూర్చోబెట్టేదాకా ఎన్ని నిమిషాలు? టిఫిన్‌కు 25, మీల్స్‌కు 45 అనుకుందాం. వాచీ చూసుకుంటూ పది టేబుళ్ళు గమనిస్తే మీ నిమిషాలు మీకు తెలుస్తాయి. 25 నిమిషాలకో బంతి అంటే గంటకు 2.4 బంతులు. 42ను 2.4తో గుణిస్తే గంటకు సుమారు 100 మంది. మీల్స్‌కు అదే లెక్క వేస్తే గంటకు 56. మీ హోటల్ ఇంతకుమించి పట్టదు. ఈ రెండు హద్దులూ రాసి పెట్టుకోండి, పండగ రోజుల దగ్గర మళ్ళీ వీటి అవసరం పడుతుంది.

ఇప్పుడు పండగా శుభకార్యమూ లేని ఒక మామూలు మంగళవారం తీసుకుందాం. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా 35 మంది. తర్వాత గంటలో 85. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నరకు 90. ఆఖరు గంటలో 45. మొత్తం 255 మంది. తలకు సగటున 80 రూపాయలు. 20,400. మధ్యాహ్నం 12 నుంచి ఒంటిగంట దాకా 35, తర్వాత 55, తర్వాత 40, మొత్తం 130 మంది. తలకు 140 చొప్పున 18,200. చూడండి, ఒంటిగంట నుంచి రెండింటి మధ్య 55 మంది, హద్దు 56. అంటే ఆ గంటలో హోటల్ నిండిపోయింది, గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నవాళ్ళు ఉండొచ్చు. సాయంత్రం 70 మంది, తలకు 45 వేసుకుంటే 3,150. రాత్రి 140 మంది, తలకు 100, అది 14,000. కూర్చుని తిన్నవాళ్ళ అమ్మకం 55,750. పార్శిళ్ళు 40, ఒక్కోటి 110 చొప్పున 4,400. ఆన్‌లైన్ ఆర్డర్లు 30, ఒక్కోటి 220, 6,600. అన్నీ కలిపితే 66,750.

ఇంత వివరంగా ఎందుకంటే, రేపు అమ్మకం 60,000కి పడిపోతే ఎక్కడ పడిందో మీకు వెంటనే తెలియాలి. టిఫిన్‌కు మనుషులు తగ్గారా, మీల్స్‌లో తలసరి బిల్లు తగ్గిందా, ఆన్‌లైన్ ఆర్డర్లు పోయాయా, ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు.

మనుషుల లెక్కనూ తలసరి బిల్లునూ ఎప్పుడూ విడివిడిగా ఉంచండి. ధర పెంచినప్పుడు దీని విలువ తెలుస్తుంది. మెనూ మీద 8 శాతం పెంచారు, అమ్మకం 3 శాతం పెరిగింది. "పెరిగింది కదా" అని ఊరుకుంటాం. 1.03ను 1.08తో భాగించండి, 0.954 వస్తుంది. అంటే నూటికి నలుగురైదుగురు రావడం మానేశారు, లేదంటే కాఫీ మానేసి లేచిపోతున్నారు. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే ఇది కనబడదు.

టోకెన్ కౌంటర్ పెట్టినవాళ్ళకు మనుషుల లెక్క రాదు, బిల్లుల లెక్కే వస్తుంది. అలాంటివాళ్ళు మూడు రోజులు ఒక కుర్రాణ్ణి గుమ్మం దగ్గర పెట్టి చేత్తో లెక్కించండి. ఆ మూడు రోజుల్లో 300 బిల్లులకు 690 మంది తేలితే బిల్లుకు 2.3 మంది. దాంతో నడుస్తుంది. మూడు నెలలకోసారి మళ్ళీ లెక్కించండి, ఎందుకంటే సెలవుల్లో కుటుంబాలొస్తే ఈ 2.3 కాస్తా 3 దాటుతుంది.

ఇక అమ్మకం అంటే ఏది? గల్లాపెట్టెలో ఉన్న డబ్బంతా అమ్మకం కాదు. హోటల్ భోజనం మీద 2017 నవంబరు 15 నుంచి 5 శాతం జీఎస్టీ, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా, అంటే మీరు కొన్నవాటి మీద కట్టిన పన్నును ఇందులో తగ్గించుకోలేరు. ఆ 5 శాతం మీది కాదు, ప్రభుత్వానిది, మీ దగ్గర కాసేపు ఆగి వెళ్తుంది. 1,05,000 వసూలైతే అమ్మకం 1,00,000. చాలామంది 1,05,000లో 5 శాతం తీసేసి 99,750 అని రాస్తారు. తీసేయకూడదు, 1.05తో భాగించాలి. రోజుకు 250 రూపాయల తప్పు చిన్నదే అనిపిస్తుంది, ఏడాదికి 90,000 దాటుతుంది.

కాంపోజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులకు పెట్టిన సులువు జీఎస్టీ పద్ధతిలో ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు బిల్లులో పన్ను వేయకూడదు, అమ్మకం మీద 5 శాతం సొంత జేబులోంచి కట్టాలి. ఆ స్కీముకు ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపు ఉండాలి, అంటే సగటున నెలకు 12 లక్షల 50 వేలు. మనం అనుకున్న హోటల్ నెలకు 22 లక్షల దగ్గర నడుస్తుందనుకోండి, ఏడో నెలలో కోటిన్నర దాటిపోతుంది. అది ఎప్పుడు దాటుతుందో ముందే తెలిస్తే మెనూ ధరలూ బిల్లింగ్ మిషనూ ముందే సర్దుకోవచ్చు. దాటాక తెలిస్తే ఆడిటర్ దగ్గరికి పరిగెత్తాలి.

స్విగ్గీ, జొమాటో ఆర్డర్ల విషయంలో ఇంకో గందరగోళం. యాప్ నుంచి బ్యాంకులో పడిన డబ్బును అమ్మకం అని రాసుకోవద్దు. మెనూ ధర 220, మీరు భరించిన డిస్కౌంటు 30 ఉంటే అమ్మకం 190. కమిషన్ ఖర్చు కింద వేరే రాయాలి. 2022 జనవరి 1 నుంచి ఆ ఆర్డర్ల మీద జీఎస్టీని యాప్‌వాళ్ళే వసూలు చేసి కడుతున్నారు, కాబట్టి అక్కడ 1.05తో భాగించే పని లేదు. కౌంటర్ అమ్మకానికీ యాప్ అమ్మకానికీ రెండు వరసలు పెట్టుకోండి. డబ్బు చేతికొచ్చే రోజు కూడా వేరు. శనివారం అమ్మింది శనివారం మీ ఖాతాలో ఉండదు, పాలవాడికి మాత్రం పొద్దునే ఇవ్వాలి.

వారంలో రోజుల సంగతికి వద్దాం. గడిచిన ఎనిమిది వారాలు తీసుకోండి. పండగలూ బందులూ తీసేయండి. వారంలో ఒక్కో రోజుకూ ఉన్న ఎనిమిది అంకెల్లో, అంటే ఎనిమిది శనివారాలుంటే, అన్నిటికన్నా ఎక్కువదీ అన్నిటికన్నా తక్కువదీ కొట్టేసి మిగిలిన ఆరింటికి సగటు కట్టండి. అలా చేస్తే ఎవరో ఒకరోజు 80 పార్శిళ్ళు కట్టించుకుపోయిన లెక్క మిమ్మల్ని మోసం చేయదు. ఇప్పుడు మంగళ, బుధ, గురువారాల సగటును 1 అనుకుని మిగతావి దాంతో భాగించండి. మన హోటల్‌కు సోమవారం 1.05, శుక్రవారం 1.10, శనివారం 1.35, ఆదివారం 1.25 వచ్చాయనుకుందాం. వీటినే గుణకాలు అందాం. వారం మొత్తం 7.75. దాన్ని 66,750తో గుణిస్తే వారానికి 5,17,000 పైచిలుకు.

30 రోజుల నెలలో నాలుగు వారాలు పోగా రెండు రోజులు మిగులుతాయి. ఆ రెండూ శని, ఆదివారాలైతే నెల అమ్మకం 22,42,800. మంగళ, బుధవారాలైతే 22,02,750. హోటల్ అదే, మాస్టర్ అదే, రుచి అదే, 40,000 తేడా. "పోయిన నెలకన్నా తగ్గింది" అని మనుషుల మీద అరిచే ముందు క్యాలెండర్లో శనివారాలు లెక్కపెట్టండి.

తిరుపతిలో అంచనా వేయడం మిగతా ఊళ్ళకన్నా కష్టం, ఎందుకంటే మన బేరం రెండు క్యాలెండర్ల మీద నడుస్తుంది. బ్రహ్మోత్సవాలు చంద్రుణ్ణి బట్టి వస్తాయి, తేదీ ఏటా మారుతుంది. 2023లో సాలకట్ల బ్రహ్మోత్సవాలు, అంటే ఏటా జరిగేవి, సెప్టెంబరు 18 నుంచి 26 దాకా జరిగాయి, అధిక మాసం కాబట్టి అక్టోబరులో నవరాత్రి బ్రహ్మోత్సవాలు కూడా వచ్చాయి. 2024లో అక్టోబరు 4 నుంచి 12. 2025లో సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 2. ఇప్పుడు 2024 సెప్టెంబరు అమ్మకాన్ని 2023 సెప్టెంబరుతో పోల్చినవాళ్ళకు వ్యాపారం పడిపోయినట్టు కనబడి ఉంటుంది. పడిపోలేదు, నెల మారింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. పంచాంగం చూసి ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

వైకుంఠ ఏకాదశి ఇంకా చిత్రం. 2023లో జనవరి 2న ఒకసారి, డిసెంబరు 23న ఇంకోసారి వచ్చింది. 2024లో అసలు రాలేదు. 2025లో జనవరి 10న, మళ్ళీ డిసెంబరు 30న. కొండమీద ద్వార దర్శనం పది రోజులు ఉంటుంది కాబట్టి ఏడాది మొత్తం అమ్మకమే ఆ మేరకు ఊగుతుంది. ఇంగ్లీషు సంవత్సరం పట్టుకుని "గతేడు మీద పది శాతం" అని వేసేవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు.

అదే పెరటాసి చూడండి. తమిళుల పెరటాసి నెల సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది, సెప్టెంబరు 17 ప్రాంతంలో మొదలై అక్టోబరు 17 ప్రాంతంలో అయిపోతుంది, ఏటా అంతే. ఆ శనివారాలకు తమిళనాడు నుంచి జనం బాగా వస్తారు. సంక్రాంతీ అంతే, తేదీ పెద్దగా మారదు. కాబట్టి మీ పుస్తకంలో పండగలను రెండు రకాలుగా రాయండి: తేదీని బట్టి పోల్చాల్సినవి, తిథిని బట్టి పోల్చాల్సినవి. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు గరుడ సేవ. దాన్ని గతేడాది ఐదో రోజుతో పోల్చాలి, గతేడాది అదే తేదీతో కాదు.

రెండూ ఒకే రోజు పడితే? 2025 సెప్టెంబరు 27న అదే జరిగింది. పెరటాసి రెండో శనివారం, బ్రహ్మోత్సవాల్లో నాలుగో రోజు, మర్నాడు గరుడ సేవ. శనివారానికి ఒక గుణకం, పెరటాసికి ఒకటి, బ్రహ్మోత్సవానికి ఒకటి అని మూడూ గుణించుకుంటూ పోతే లెక్క గాల్లోకి లేస్తుంది. ఇక్కడే ఇందాకటి హద్దు కావాలి.

పండగ రోజు 1.6 రెట్లు అని వేశామనుకోండి. టిఫిన్‌కు 255 మంది కాస్తా 408 అవుతారు. గంట గంటకూ పెట్టి చూడండి. మొదటి గంట 35 బదులు 56, సరే, పడతారు. రెండో గంట 85 బదులు 136. పట్టరు, 100 దగ్గర ఆగిపోతుంది. మూడో గంట 90 బదులు 144, అదీ 100 దగ్గరే. ఆఖరు గంట 45 బదులు 72. మొత్తం 328. మీరనుకున్నదానికి 80 మంది తక్కువ, తలకు 80 చొప్పున ఒక్క టిఫిన్ పూటకే 6,400 రూపాయలు గాలిలెక్క. దానికి తగ్గట్టు పిండి రుబ్బించి ఉంటే అదంతా మర్నాటికి పులిసిపోతుంది. పండగ రోజు పెంచుకునే దారులు వేరే ఉన్నాయి: తెల్లవారి ఐదున్నరకే తలుపు తీయడం, పార్శిల్‌కు బయట వేరే టేబుల్ వేయడం, మెనూ నాలుగు ఐటెములకు కుదించి బంతిని 25 నుంచి 20 నిమిషాలకు తేవడం. 20 నిమిషాలైతే గంటకు 126 మంది. అంచనాలో పెద్ద అంకె రాయాలంటే ముందు వీటిలో ఏది చేస్తారో పక్కన రాయండి.

పండగంటే అందరికీ పెరుగుతుందనీ లేదు. జనం కొండమీదే ఉండిపోతారు, అక్కడ అన్నప్రసాదం ఉచితంగా పెడతారు. కింద ట్రాఫిక్ మళ్ళిస్తే మీ వీధిలోకి బండే రాకపోవచ్చు. అలిపిరి దారిలో ఉన్న హోటల్‌కూ, తిలక్ రోడ్డు లోపలి హోటల్‌కూ గరుడ సేవ రోజు లెక్క తలకిందులుగా ఉండొచ్చు. యూనివర్సిటీ వైపు ఉన్నవాళ్ళకు కొండ రద్దీకన్నా సెమిస్టరు సెలవులు ముఖ్యం. తిరుచానూరు రోడ్డులో ఉన్నవాళ్ళు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలూ పంచమి తీర్థమూ విడిగా రాసుకోవాలి. శ్రీనివాస సేతు కింద ఉన్నవాళ్ళు వంతెన మీద బండ్లు తిరగక ముందు లెక్కలనూ తర్వాత లెక్కలనూ కలపొద్దు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది, దాని ముందూ వెనకా కూడా మీ పుస్తకంలో గీత గీసుకుని చూడండి.

రేపటి అంచనాకు మనకు ఇంకో ఆధారం ఉంది, మిగతా ఊళ్ళవాళ్ళకు దొరకనిది. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, ఎంతమంది తలనీలాలు ఇచ్చారు, టోకెన్ లేని సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది, ఇవి రోజూ తెలుస్తాయి. ఆ రెండు అంకెలూ, అంటే భక్తుల సంఖ్యా వేచి ఉండే గంటలూ, 60 రోజులు మీ టిఫిన్ మనుషుల లెక్క పక్కన రాయండి. గంటలు పెరిగినప్పుడు మీ బేరం అదే రోజు పెరుగుతోందా, మర్నాడు దిగివచ్చినవాళ్ళతో మధ్యాహ్నం మీల్స్ పెరుగుతోందా గమనించండి. టీటీడీ వసతి సముదాయాలు విష్ణు నివాసం, శ్రీనివాసం చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు దర్శనం టోకెన్ల క్యూ ఎప్పుడు కడుతుందో అదే టిఫిన్ టైము. సంబంధం కనబడకపోతే బలవంతంగా కలపకండి, వదిలేయండి.

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమనిపించే విషయం. అయిపోయిన సరుకు. మీ పుస్తకంలో "పొంగలి 84 ప్లేట్లు" అని ఉంది. నిన్నా 84, మొన్నా 84, 85. దాన్ని చూసి "మనకు పొంగలి 84 పోతుంది" అని రేపూ అంతే వండిస్తారు. నిజానికి ఎనిమిదిన్నరకే గిన్నె ఖాళీ అయింది, తర్వాత అడిగినవాళ్ళకు వడ్డించే సప్లయర్ "లేదండీ, ఇడ్లీ వేడిగా ఉంది" అని చెప్పి పంపాడు. మీరు రాసింది వండినదాని లెక్క, అడిగినదాని లెక్క కాదు. ఈ తప్పు దాన్నదే నిజం చేసుకుంటూ పోతుంది, ఏళ్ళ తరబడి 84 దగ్గరే ఉంటారు.

దిద్దుకోవడం సులువు. కిచెన్ గుమ్మం దగ్గర పలక పెట్టి, ఏదైనా అయిపోతే టైము రాయించండి. తర్వాత ఒక రెండు రోజులు కావాలని ఎక్కువ వండించి, పది దాకా అందేట్టు చూసి, ఎనిమిదిన్నర తర్వాత నూటికి ఎన్ని పోయాయో చూడండి. 30 అనుకుందాం. అంటే ఎనిమిదిన్నరలోపు పోయేది నూటికి 70 వంతులే. 84ను 0.7తో భాగించండి, 120. జనం అసలు అడిగేది 120 ప్లేట్లు. మాస్టర్‌కు చెప్పాల్సిన అంకె ఇదే. డబ్బు అంచనాలో మాత్రం మొత్తం 36 ప్లేట్లూ కలపకండి, వాళ్ళలో సగం మంది ఇడ్లీ తిని ఉంటారు, ఆ డబ్బు ఇప్పటికే మీ లెక్కలో ఉంది. లేచిపోయినవాళ్ళ మేరకే కలపాలి.

(సభలో ఒకరు: "అన్నా, మాది కొత్త హోటల్, ఇంకా తెరవలేదు. పాత బిల్లులే లేవు. మేం ఎట్లా వేసుకోవాల?")

మంచి ప్రశ్న. మీ వీధిలో మీలాంటి రేట్లున్న హోటళ్ళు మూడు చూసుకోండి. మంగళవారం ఒకరోజు, శనివారం ఒకరోజు, ఆదివారం ఒకరోజు, ప్రతి పూటా రద్దీ గంటలోనూ ఖాళీ గంటలోనూ పావుగంట చొప్పున నిలబడి లోపలికి పోయే మనుషులను లెక్కపెట్టండి. పావుగంట లెక్కను నాలుగుతో గుణిస్తే గంట. ఇది మీకు వీధి ఎంత ఇస్తుందో చెబుతుంది, మీకు ఎంత ఇస్తుందో చెప్పదు. మొదటి నెల ఆ సగటులో సగమే వేసుకోండి. అక్కణ్ణుంచి ఆరు నెలల్లో పూర్తి సగటుకు చేరేట్టు మెల్లగా పెంచండి. తెరిచిన మొదటి రెండు వారాల లెక్క అంచనాలోకి తీసుకోకండి, బంధువులూ స్నేహితులూ కొత్త చూడ్డానికి వచ్చేవాళ్ళూ అప్పుడే ఉంటారు. అసలు బేరం మూడో వారం నుంచి కనబడుతుంది.

అంచనా సరైందో కాదో ఇంకో వైపు నుంచి తూచి చూడండి. మీల్స్ 130 అన్నారు, కిలో బియ్యానికి మీ దగ్గర ఆరుగురు తింటారనుకుంటే 22 కిలోలు పడాలి. స్టోరు పుస్తకంలో రోజుకు 30 కిలోలు పోతుంటే మనుషుల లెక్కన్నా తప్పు, బియ్యమన్నా వృథా అవుతోంది, బిల్లు వేయని భోజనాలన్నా ఉన్నాయి.

(ఇంకొకరు: "సార్, మాది నాన్‌వెజ్. రాగిసంగటి, నాటుకోడి. మాకు శనివారం బోణీ కూడా సరిగా కాదు.")

మీ గుణకాలు తిరగేసి ఉంటాయమ్మా. శనివారం 0.6 ఉండొచ్చు, ఆదివారం 1.7 ఉండొచ్చు. మీకు పెరటాసిలో, కార్తీకంలో తగ్గుతుంది, మే నెలలో గంగ జాతరకు పెరుగుతుంది. కార్తీకం తేదీలు కూడా మారతాయి చూడండి, 2024లో నవంబరు 2 నుంచి డిసెంబరు 1, 2025లో అక్టోబరు 22 నుంచి నవంబరు 20. 2025 అక్టోబరు ఆఖరులో పడిన బేరం 2024లో నవంబరులో పడింది. మాస్టర్లకు సొంతూరు సెలవులు ఆ నెలలోనే ఇవ్వండి, ఇంటికి సున్నం కొట్టించడమూ అప్పుడే పెట్టుకోండి. చిత్తూరు టౌనులో ఉన్నవాళ్ళు ఉంటే, మీకు కోర్టులూ కలెక్టరేటూ పనిచేసే రోజులే బలం, రెండో శనివారం పడిపోతుంది. కాణిపాకం దారి అయితే వినాయక చవితి నుంచి 21 రోజుల బ్రహ్మోత్సవాలు విడిగా లెక్కేయాలి. మామిడి సీజనుకు పల్ప్ ఫ్యాక్టరీల దగ్గర లోడ్లతో ఆగే డ్రైవర్లు రాత్రి పూట లెక్క మార్చేస్తారు.

ఒకే అంకె ఎప్పుడూ రాయొద్దు. మూడు రాయండి: తగ్గితే ఎంత, మామూలుగా ఎంత, పెరిగితే ఎంత. ఈశాన్య రుతుపవనాల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కింది అంకెను ఇంకా కిందికి దించండి. 2021 నవంబరులో వరదలకు ఘాట్ రోడ్లు మూసేశారు, ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి. అలాంటి మూడు రోజులు ప్రతి ఏడాదీ రాకపోవచ్చు, కానీ అంచనాలో మూడు సున్నా రోజులకు చోటుండాలి. అద్దె, జీతాలు, కరెంటు కలిపి నెలకు 6,30,000 స్థిర ఖర్చు ఉండి, సరుకూ గ్యాసూ కమిషనూ పోగా నూరు రూపాయల అమ్మకానికి 53 మిగిలితే, 6,30,000ను 0.53తో భాగించండి. సుమారు 11,89,000 అమ్మితే గానీ ఖర్చులు రావు. మీ మూడు అంకెల్లో కిందిది దీనికన్నా పైనే ఉండాలి. లేకపోతే మధ్య అంకె చూపించి అప్పు తీసుకోకండి.

ఆదివారం రాత్రి అరగంట కూర్చుని వారం అంచనానూ అసలునూ పక్కపక్కన పెట్టండి. 60,000 అన్నారు, 54,000 వచ్చింది. 6,000ను 54,000తో భాగిస్తే 11 శాతం తప్పు. ఒకరోజు పైకీ ఒకరోజు కిందికీ పోతుంటే మామూలే, కదపకండి. మూడు వారాలు వరసగా ఒకే పక్కకు తప్పుతుంటే మాత్రం ఏ పూటలో తప్పుతోందో వెతికి ఆ ఒక్క పూట పునాది అంకె మార్చండి. మొత్తం లెక్కను ప్రతి వారం తిరగరాసేవాళ్ళ అంచనా నిన్నటి అమ్మకానికి కాపీ అయిపోతుంది, దానికి ఈ శ్రమంతా అక్కర్లేదు.

(సభలో ఒకరు: "ఇవన్నీ ఎక్కడ రాసేది సార్, కంప్యూటర్ కావాలా?")

కంప్యూటర్ అక్కర్లేదు. పొడుగు నోట్‌బుక్ చాలు, ఫోన్లో ఎక్సెల్ వస్తే మరీ మంచిది. రోజుకు నాలుగు వరసలు, పూటకొకటి. గడులు ఇవి: తేదీ, వారం, తిథి లేదా పండగ, మనుషులు, పన్ను తీసేసిన అమ్మకం, పార్శిల్, ఆన్‌లైన్, అయిపోయిన ఐటెమూ దాని టైమూ, గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ళు, కొండమీద వేచి ఉండే గంటలు. చివర ఒక ఖాళీ గడి వదలండి. వాన పడింది, పక్క హోటల్ మూశారు, కరెంటు పోయి మిక్సీ తిరగలేదు, దోశ మాస్టర్ రాలేదు, అలాంటివి అందులో రాయండి. ఆ పూట కౌంటర్లో కూర్చున్నవాళ్ళే, ఆ పూట మూసేలోపే రాయాలి. రాత్రి పదకొండుకు గుర్తు తెచ్చుకుని రాస్తే వెనక్కి పోయినవాళ్ళు ఎప్పుడూ "ఓ పదిమంది" అనే ఉంటారు.